తుడవకూడని గాజు

ఫిబ్రవరి 3, సోమవారం

ఇవాళ గువ్వ కుర్చీలో వేరే పిల్ల కూర్చుంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

నిన్న అంతకుమించి రాయలేకపోయాను.

ఆ పిల్లకి కళ్ళజోడు ఉంది. పేరు చెప్పింది గానీ నేను గుర్తు పెట్టుకోదలచుకోలేదు. ఈ పుస్తకంలో కళ్ళజోడు అనే రాస్తాను. ఊరికే నవ్వుతుంది. వచ్చీ రాగానే కుర్చీ కింద మీట లాగింది. బుస్సుమని కిందికి దిగింది కుర్చీ. నా కూతురు పొడుగు. నాలుగేళ్ళు తను కూర్చున్న ఎత్తు ఒక్క బుస్సుతో పోయింది.

పెద్ద మేడం నన్ను చూపించి, "గువ్వ వాళ్ళమ్మగారు. మన గాజు సామాను అంతా ఈవిడ చేతిమీదుగానే వస్తుంది" అంది.

కళ్ళజోడు నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, అక్క గురించి చాలా విన్నాను."

అమ్మా అట. ఆరు నెలలైంది నన్ను ఆ పిలుపు పిలిచే మనిషి పోయి.

"ఆంటీ అను, చాలు" అన్నాను.

ఫిబ్రవరి 6, గురువారం

గువ్వ పనిచేసిన ఈ ల్యాబ్‌లో, సామాను కడిగే గాజు గదిలో చేరి ఐదు నెలలు. హాస్టల్ వంటగదిలో పద్దెనిమిదేళ్ళు గిన్నెలు తోమిన చేతులు ఇవి. ఇక్కడికొచ్చిన మొదటి రోజే పెద్ద మేడం చెప్పింది: "సబ్బు వద్దు. పీచు వద్దు. పలచటి ఆమ్లంలో నానబెట్టి, శుద్ధి చేసిన నీళ్ళతో మూడుసార్లు తొలిచి బోర్లించండి. గుడ్డతో మాత్రం తుడవకండి. లోపల వేలు పెట్టకండి."

తడి గిన్నె తుడవకుండా వదిలెయ్యడం మా ఇంటా వంటా లేదు. అయినా వాళ్ళ పద్ధతి వాళ్ళది. ఐదు నెలలూ అలాగే చేశాను.

నా గదికీ మెషీన్ గదికీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. కడిగిన సామాను అందులోంచి అందిస్తాను. గువ్వ ఉన్నప్పుడు ఆ కిటికీలో వేరే ఆవిడ చేతులు ఉండేవి. ఇప్పుడు నా చేతులు ఉన్నాయి, అవతల గువ్వ లేదు. మేమిద్దరం ఒక్క రోజు కూడా ఒకే కిటికీకి అటూ ఇటూ నిలబడలేదు.

మెషీన్‌లో పెట్టే గుండ్రటి గాజు గిన్నెలు రెండు. ఒకటి నాచు నీళ్ళకి. రెండోది ఉత్త నీళ్ళకి. వాళ్ళు దాన్ని బ్లాంక్ అంటారు, నేను ఉత్తనీళ్ళ గిన్నె అంటాను. రెండూ కలిసిపోకుండా ఉత్తనీళ్ళ దాని అంచు మీద గువ్వ గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టింది. ఆ రంగు నేను కొనిపెట్టిందే. "ఇలాంటి రంగు ఎవరు వేసుకుంటారే అమ్మా" అని నా మీద అరిచింది. గిన్నెకి మాత్రం వేసింది.

ఫిబ్రవరి 10, సోమవారం

కళ్ళజోడు పని మొదలుపెట్టింది. గది తలుపులు మూసి, దీపాలు ఆర్పి, పచ్చటి కాంతి సన్నటి గీతలా గిన్నెలోకి పంపుతుంది. కిటికీ రెక్క కొంచెం తెరిచి ఉంటే నాకు కనిపిస్తుంది.

ఈ సంగతి గువ్వ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఒకసారి పళ్ళు తోముకుంటూ నురగ నోటితోనే చెప్పింది. వెలుగు నీళ్ళలో పోతుంటే దారిలో నలుసు తగిలి చెదురుతుందట. చాలామటుకు ముందుకే చెదురుతుంది, కొంచెం పక్కలకి, మరీ కొంచెం వెనక్కి. నలుసు ఎంతుంది, దాని ఒళ్ళు దేనితో తయారైంది అన్నదాన్నిబట్టి ఎటు ఎంత చెదిరేదీ మారుతుంది. మెషీన్‌లో ఒక కన్ను ఉంటుంది. అది గిన్నె చుట్టూ మెల్లగా తిరుగుతూ ఏ మూలకి ఎంత వెలుగు వచ్చిందో అంకె చెబుతుంది. ముందు ఉత్తనీళ్ళ అంకె తీసుకోవాలి. తర్వాత నాచు నీళ్ళది. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలింది నాచుది.

"ఈ మాత్రానికి ఇంత చదువా?" అన్నాను.

"నా నాచుకి ఒంటినిండా సుద్ద పొలుసులుంటాయే. కంటికి కనపడదు. కానీ కోట్ల కొద్దీ చేరితే సముద్రమంతా పాలు కలిపినట్టు తెల్లగా అయిపోతుంది. ఆకాశంలోంచి ఫోటో తీసినా తెలుస్తుంది. పైనున్న కెమెరాకి కనపడేది వెనక్కి వచ్చిన వెలుగేగా? ఇలాంటి నాచు రకాలన్నిట్లోనూ నేను పట్టుకొచ్చింది ఎక్కువ వెనక్కి పంపుతోంది. ఎంత ఎక్కువో నేను కొలిచాను. నేను!"

నా నాచు అనేది. నా అమ్మ అన్నట్టు. ఆదివారం కూడా దాని మొహం చూడటానికి పోయేది. పడవ మీద వెళ్ళి తెచ్చుకున్నది, సీసాల్లో పెంచుకున్నది. కంటికి కనపడని దానితో నేను పోటీ పడ్డాను, ఎవరికి చెప్పుకోను ఇది? పడ్డాను. అదే గెలిచింది. ఇప్పుడు ఆ సీసాల్ని కళ్ళజోడు వెలుగులోకి ఎత్తి చూసుకుంటోంది. నా బిడ్డ పెంచినదానికి ఈవిడ తిండి పెడుతోంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

మధ్యాహ్నం ఒంటిగంటకి కళ్ళజోడుకి వాళ్ళమ్మ ఫోన్ చేస్తుంది. రోజూ. గడియారం పెట్టుకోనక్కర్లేదు.

"తిన్నానమ్మా. ఆ, తిన్నా. పడుకున్నా. ఎన్నిసార్లు అడుగుతావే? పెట్టేయ్, పనుంది."

ముప్పావు నిమిషం కూడా మాట్లాడదు. ఆ మహాతల్లికి రేపు మళ్ళీ అడగడానికి ఉంది కదా. అందుకే ఈ పిల్ల అంత సులువుగా పెట్టేస్తుంది.

కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నాను, నాకు తెలుసు. ముక్కూ మొహం తెలియని ఆవిడ మీద.

ఫిబ్రవరి 13, గురువారం

ఉత్తనీళ్ళ గిన్నెని ఇవాళ గువ్వ పాత చొక్కా ముక్కతో తుడిచాను. ఊరికే. ఒక్కసారి.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఇవాళ కూడా.

తప్పేముంది అందులో? మెత్తటి నూలు. తను ఇంట్లో తొడుక్కుని తొడుక్కుని వెన్నలాగా అయిన చొక్కా. ఉతికి, ఆరేసి, సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళాను. నాచు నీళ్ళ గిన్నె జోలికి పోలేదు. దాన్ని వాళ్ళు చెప్పినట్టే బోర్లించాను. ఎర్రచుక్క గిన్నె మాత్రం గువ్వది. కళ్ళజోడు చెయ్యి దానిమీద పడేముందు గువ్వది ఏదో ఒకటి తగలాలి. అంతే. ఎవరికి నష్టం?

ఫిబ్రవరి 19, బుధవారం

మెషీన్ గదిలో గందరగోళం. ఉత్తనీళ్ళ అంకె ఎక్కువ వస్తోందట. శుద్ధి చేసిన నీళ్ళలో ఏమీ ఉండకూడదు, ఏదో మెరుస్తోంది. కళ్ళజోడు జల్లెడ కాగితం మార్చింది. నీళ్ళ డబ్బా మార్చింది. అయినా అంతే.

స్క్రూ తాతని పిలిచారు. చెవి మీద పెన్సిల్‌కి బదులు స్క్రూడ్రైవర్ పెట్టుకుంటాడు. ఇక్కడి మెషీన్లన్నీ ఆయన చేతి కింద పెరిగినవే.

"ఏం తల్లీ, నా మెషీన్ మీద చాడీలు చెబుతున్నావట?"

"తాతా, కాంతి ఏమైనా వంకరపోయిందా చూడండి."

"నా నడుం వంకరపోయింది గానీ ఇది పోలేదు. కొలిచి చెప్పమంటావా?" రెండు గంటలు విప్పాడు, బిగించాడు. "దీని ఆరోగ్యం గుండ్రాయిలా ఉంది. తప్పు నీళ్ళలో ఉందో, నీలో ఉందో."

కళ్ళజోడు మొహం మాడిపోయింది. నాకు లోపల చల్లగా అనిపించింది. గువ్వ చేతికి నాలుగేళ్ళు బుద్ధిగా పనిచేసిన మెషీన్ దీని చేతికి రాగానే మొరాయించింది. మెషీన్‌కైనా తెలుసు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఎంత ధైర్యం! ఇంటికే వచ్చింది. గువ్వ సొరుగులో మిగిలినవి ఒక అట్టపెట్టెలో సర్ది తెచ్చింది. దువ్వెన, బిస్కెట్ల డబ్బా, ఒక సాక్సు. ఒక్క సాక్సే.

ఈయన కుట్టుమిషన్ ముందు నుంచి లేచి మరీ కుర్చీ వేశాడు. కొత్తల్లుడికి కూడా ఎవరూ అంత మర్యాద చేయరు. ఆ పిల్ల సంచి పట్టీ తెగి వేలాడుతుంటే, "ఇటివ్వమ్మా, రెండు కుట్లు" అని లాక్కున్నాడు.

"వద్దంకుల్, మీకెందుకు శ్రమ."

"శ్రమేంటి? దర్జీ ఇంటికొచ్చి తెగిన పట్టీతో వెళ్తే నా పరువేం కావాలి? మా గువ్వ సంచి కూడా ఇక్కడే తెగేది. పుస్తకాలు కుక్కేది కదా."

నవ్వాడు. ఆరు నెలల తర్వాత ఈయన నవ్వడం ఇవాళే చూశాను. నా మాటకి నవ్వలేదు, నేను వండింది తిని నవ్వలేదు, ఈ పిల్ల సంచి పట్టీకి నవ్వాడు.

వెళ్ళాక అడిగాను. "అంత ముద్దొచ్చిందా?"

"పాపం, చిక్కిపోయింది. పనిలో ఏదో ఇబ్బందట. నువ్వు చూడలేదా ఆ చేతులు?"

నేను చూడలేదు. నేనెందుకు చూస్తాను?

ఫిబ్రవరి 27, గురువారం

తుడిచాను.

మార్చి 3, సోమవారం

రాయకూడదనుకున్నాను. అయినా రాస్తాను.

కిటికీ రెక్క సందులోంచి విన్నాను. పెద్ద మేడం, కళ్ళజోడు ఇద్దరే ఉన్నారు.

కళ్ళజోడు అంది, "మేడం, మూడోసారి కూడా కొలిచాను. వెనక్కి వచ్చే వెలుగు అక్క రాసినంత రావట్లేదు. మిగతా నాచుల్లాగే ఉంది."

"నీ బ్లాంకే ఎక్కువ ఉంది కదా. అది తీసేస్తే తగ్గదా మరి?"

"అదే నా అనుమానం మేడం. నా బ్లాంక్ ఎక్కువ ఉందా, అక్క తక్కువ రాసిందా? జల్లెడలు మార్చాను, నీళ్ళు మార్చాను, మెషీన్ బాగుందన్నారు. అక్క కాగితాల్లో బ్లాంక్ అంకెలు మరీ... మరీ అందంగా ఉన్నాయి."

పెద్ద మేడం కాగితాలు పక్కకి జరిపింది. తర్వాత, "చనిపోయిన పిల్ల. జాగ్రత్తగా మాట్లాడు. నెలాఖరుకి తేలకపోతే ఆ అంకెలు మనం బయట పెట్టలేం. గువ్వ పేరుతో పత్రికకి ఏదీ పంపలేం" అంది.

మరీ అందంగా ఉన్నాయట. అంటే నా కూతురు దొంగలెక్క రాసిందని. అన్నం తినడం మానేసి కూర్చున్న పిల్ల, కూరలో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందని నా మొహం మీదే చెప్పే పిల్ల, అది అంకెలు దిద్దిందా? దాన్ని కుర్చీలోంచి దింపింది చాలక పేరులోంచి కూడా దింపాలని చూస్తోంది ఈ కళ్ళజోడు. నోటితో నవ్వి నొసటితో వెక్కిరించే రకం. ఈయనకేమో పాపం, చిక్కిపోయిందట!

నా కడుపు మండిపోతోంది. మండనీ.

మార్చి 4, మంగళవారం

స్క్రూ తాత టీ తాగడానికి నా గదిలోకి వచ్చాడు. కూర్చోమని స్టూలు జరిపాను.

"ఆ పిల్ల అన్న మాట విన్నారా తాతా? మా గువ్వ దొంగలెక్క రాసిందట."

"అలా అనలేదమ్మా. తేలట్లేదంది. తేలకపోతే అనుమానాలొస్తాయి, అది మా జబ్బు." ఊదుకుంటూ తాగాడు. "నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. ఉత్తనీళ్ళలో మెరుపొచ్చిందంటే మూడే మూడు. గాలిబుడగలు, జల్లెడ చిరుగు, లేకపోతే ఎవరో గుడ్డ తగిలించడం. ఒక్క నూలుపోగు చాలు. నాచు పొలుసుకన్నా లావు అది, దాని ముందు నాచు ఎంత? ఎవరూ తుడవట్లేదు కదా?"

"ఎవరు తుడుస్తారు?" అన్నాను.

"అదే. మీరుండగా ఆ భయం లేదు" అని గ్లాసు పెట్టేసి వెళ్ళాడు.

గువ్వ చొక్కా మెత్తటిది. వెన్నలాంటిది. దానికి నూలు రాలడమేంటి?

మార్చి 5, బుధవారం

పొద్దున పనికి వెళ్ళేముందు ఈయన్ని అడిగాను. ఊరికే అడిగినట్టు.

"బాగా వాడి మెత్తబడ్డ నూలు బట్ట రాలుతుందా?"

కత్తిరించడం ఆపాడు. "కొత్తది రాలదు. పాతదే రాలుతుంది. మెత్తబడటమంటే ఏంటనుకున్నావు, పోగులు విరిగిపోవడమే. ఎంత మెత్తగా ఉంటే అంత రాలుతుంది. ఏం బట్ట?"

సంచిలోంచి తీసి ఇచ్చాను. చూడగానే గుర్తుపట్టాడు. మిషన్ పక్క కిటికీలోంచి ఎండ చారలా లోపలికి పడుతోంది. ఆ చారలో బట్టని పట్టుకుని ఒక్కసారి మెల్లగా దులిపాడు.

"ఇదిగో, చూడు."

ఏమీ లేదనుకున్న గాలినిండా పోగులు లేచి మెరిశాయి. సన్నగా, పొడుగ్గా, వంకరటింకరగా, వందలు వందలు. ఎండలో ఉన్నంతసేపే కనిపించాయి. చార దాటగానే మాయం.

"గువ్వది కదా ఇది. ఎందుకు బయటికి తీశావు?"

"ఊరికే" అన్నాను.

చొక్కాని బీరువా అడుగున పెట్టాను. మూడు వారాలు. సెలవులు తీసేస్తే ఇరవై రోజులు కూడా లేవు. నేను కావాలని చేయలేదు.

మార్చి 6, గురువారం

ఇవాళ తుడవలేదు. పన్నెండుసార్లు తొలిచాను. వేళ్ళు చచ్చుబడే దాకా. బోర్లించాను.

మధ్యాహ్నం కిటికీ అవతలి నుంచి కేక వినిపించింది. "తాతా! బ్లాంక్ తగ్గింది! అక్క రాసినంతే!"

అక్క రాసినంతే. చెవులారా విన్నాను. గాజు గది తలుపు వేసుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. తేలిపోయింది. గువ్వ తప్పు రాయలేదని వాళ్ళకే తెలిసిపోయింది. నేను నోరు విప్పాల్సిన పనేముంది?

మార్చి 10, సోమవారం

పెద్ద మేడం కళ్ళజోడుని పిలిపించింది. తలుపు మూయలేదు. మూయాల్సింది.

"మూడు వారాల బ్లాంక్‌లు చెడగొట్టి, అవి చెడ్డాయని కూడా కనిపెట్టలేక, పోయినపిల్ల నిజాయితీ మీద అనుమానం పడ్డావు. ఇవాళ అదంతట అదే బాగైందంటున్నావు. ఎందుకు చెడిందో చెప్పు, పోనీ."

"తెలీదు మేడం."

"తెలీదంటే కుదరదు. ఎందుకు చెడిందో తెలియనివాళ్ళు బాగైందని ఎలా చెబుతారు? రేపు మళ్ళీ చెడదని ఏంటి నమ్మకం? అశ్రద్ధ తప్ప నాకింకేం కనపడట్లేదు. ఈ నెలాఖరు దాకా ఉండు. తర్వాత వేరే ఎవరినైనా చూసుకుంటాను."

కళ్ళజోడు తన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నా కిటికీ ముందునుంచే వెళ్ళింది.

కుర్చీ ఖాళీ అవుతుంది. గువ్వ పేరు నిలిచింది, ఆ పిల్ల పోతోంది. నేను కోరుకున్నవి రెండూ కాళ్ళ దగ్గరికే వచ్చాయి.

నాకేం సంతోషంగా లేదు. ఉంది. కొంచెం ఉంది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, చాలానే ఉంది.

నేనేం తప్పు చేయలేదు. అశ్రద్ధ అని అన్నది మేడం. నేను కాదు.

మార్చి 11, మంగళవారం

ఒంటిగంటకి ఫోన్ మోగింది. నేను గిన్నెలు బోర్లిస్తున్నాను.

"ఆ అమ్మా. తిన్నా." తినలేదు. డబ్బా మూత కూడా తీయలేదు, కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. "బాగుంది, అంతా బాగుంది. మేడం మెచ్చుకుంది. లేదమ్మా, గొంతు మామూలుగానే ఉంది. నీకలా అనిపిస్తోంది. నేను బాగానే ఉన్నానమ్మా. నువ్వేం కంగారుపడకు."

చేతిలో గిన్నె జారి తొట్టిలో పడింది. పగల్లేదు.

నేను బాగానే ఉన్నానమ్మా, నువ్వేం కంగారుపడకు. పోయేముందు మూడు రోజులూ గువ్వ నాకు ఇదే చెప్పింది. పడవ దిగి, ఒళ్ళు కాలిపోతుంటే, ఊరికి అవతల ఆ గెస్ట్‌హౌస్ గదిలో పడుకుని. గొంతు తేడాగా ఉందే అని నేనంటే, నీకలా అనిపిస్తోంది అంది. నాలుగో రోజు ఫోన్ ఆసుపత్రి వాళ్ళు చేశారు. నేను ఎందుకు నమ్మాను? నమ్మడం సులువు కాబట్టి నమ్మాను.

ఇప్పుడు అక్కడ ఇంకొక ఆవిడ నమ్ముతోంది. ఆవిడ బిడ్డ చేత ఆ అబద్ధం చెప్పించింది నేను.

మార్చి 12, బుధవారం

చెప్పాలి.

మార్చి 13, గురువారం

చెప్పలేదు. స్టోరు నుంచి సామాను వచ్చింది, పని ఎక్కువైంది. పెద్ద మేడం మీటింగులో ఉంది. మధ్యాహ్నం ఖాళీగానే ఉంది. నాకే తలనొప్పిగా ఉండింది.

మార్చి 14, శుక్రవారం

చెప్పాను.

పెద్ద మేడం గదిలోకి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా, కళ్ళజోడుని కూడా పిలవమన్నాను. పిలిచాక ఒక్క ఊపిరిలో అనేశాను. "ఎర్రచుక్క గిన్నెని గుడ్డతో తుడిచాను. గువ్వ చొక్కాతో. తుడవకూడదని నాకు తెలుసు."

పెద్ద మేడం కలం కింద పెట్టింది.

కళ్ళజోడు ఏడవలేదు, అరవలేదు. పోలీసులా అడిగింది. "ఎప్పట్నించి?"

"పదమూడో తారీఖు నుంచి. పోయిన నెల."

"ఎప్పటిదాకా?"

"ఈ నెల ఐదు దాకా. కాదు, నాలుగు. ఐదున మానేశాను. ఆరున పన్నెండుసార్లు తొలిచాను."

"నాచు గిన్నె?"

"ముట్టుకోలేదు."

"రోజూ ఒక్కసారేనా?"

"ఒక్కోరోజు రెండుసార్లు."

అప్పుడు చేతులు నా మొహం ముందు పెట్టింది. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా లేచిపోయి ఉంది. "నా చేతులే శుభ్రంగా లేవనుకున్నాను ఆంటీ. పొద్దున్నించి సాయంత్రం దాకా తోముకున్నాను. ఆ తర్వాత అక్క అబద్ధం రాసిందనుకున్నాను. చచ్చిపోయినావిడ గురించి నేను అలా అనుకునేలా చేశారు. ఎందుకు?"

ఎందుకో నాకు తెలుసు. "నువ్వు కుర్చీ దించావు" అన్నాను.

అదేం మాటో వాళ్ళిద్దరికీ అర్థమైనట్టు లేదు. కళ్ళజోడు బయటికి వెళ్ళిపోయింది.

పెద్ద మేడం మెల్లగా అంది. "ఆ పిల్లని పంపించను. కానీ గాజు గదిలో మిమ్మల్ని ఇక ఉంచలేనమ్మా. వచ్చే నెల నుంచి స్టోరు గది చూసుకోండి."

సరేనన్నాను. ఇంటికొచ్చి ఈయనకి చెప్పాను. విన్నాడు. అన్నం కలుపుతూ, "ఆ రోజు దులిపినప్పుడే అనుకున్నాను" అన్నాడు.

"మరి అడగలేదే?"

"నువ్వే చెబుతావని."

మార్చి 17, సోమవారం

కళ్ళజోడు నాతో మాట్లాడటం లేదు. కిటికీలోంచి సామాను కూడా తీసుకోవడం లేదు, తన గిన్నెలు తనే కడుక్కుంటోంది. నేను కడిగినదానికన్నా బాగా కడుగుతోంది. అది కూడా నేను ఓర్వలేకపోతున్నాను. మనిషి మారదేమో.

మార్చి 20, గురువారం

పొద్దున పది గంటలకి మెషీన్ గది తలుపు తెరిచి నా పేరు పెట్టి కాదు, ఆంటీ అని కూడా కాదు, "ఒకసారి లోపలికి రండి" అంది.

ఆరు నెలల్లో ఆ గడప దాటడం అదే మొదటిసారి.

చేతికి ఒక కాగితమూ చిన్న టార్చీ ఇచ్చింది. గువ్వ రాత. తొమ్మిది తోక మరీ పొడుగ్గా లాగుతుంది. ఎడమ పక్క కోణాలు, కుడి పక్క అంకెలు. "ఇది అక్క రాసిన చివరి కాగితం, మేడం దగ్గర ఉండింది, నేనింకా చూడలేదు. దీన్ని నేను చూడకుండా కొలవాలి. ముందే చూశానంటే నా కన్ను అదే అంకె చదవాలని చూస్తుంది. నేను మెషీన్‌ది చదువుతాను. మీరు కాగితం చూసి అదే అయితే అదే అనండి. కాకపోతే కాదనండి. స్క్రూ తాతని అడిగితే ఆయనకి దగ్గర చూపు ఆనదన్నారు."

"నన్ను నమ్ముతావా?" అన్నాను.

"మేడం రెండోసారి చూస్తారు. నమ్మకంతో పనిలేదు" అంది. నిజమే చెప్పింది. నాకు అది నచ్చింది.

దీపాలు ఆర్పింది. పచ్చటి గీత నాచు నీళ్ళలోంచి పోయింది. ఉత్తనీళ్ళలో ఉండీ లేనట్టుండే గీత ఇక్కడ పొగలా వెలిగింది. గిన్నె అంతా. గాజు బయటికి, ఆ పిల్ల గడ్డం మీదికి కూడా పడింది వెలుగు. నా కూతురు ఆదివారాలు ఎందుకు వచ్చేదో, పోయినవన్నీ పోయాక ఇప్పుడు చూశాను. నాకు చూపించి ఉంటే నేనూ వచ్చేదాన్ని. తను చూపిస్తానంది. నాకే తీరిక లేదన్నాను.

కన్ను తిరగడం మొదలైంది.

"ముప్పై. తొమ్మిది వందల పన్నెండు."

వేలు పెట్టి చూసుకున్నాను. "అదే."

"అరవై. నూట ముప్పై ఎనిమిది."

"అదే."

"తొంభై. నలభై ఏడు."

"అదే." ఇక్కణ్ణించి వెనక్కి వచ్చే వెలుగు. గువ్వ నేను కొలిచాను, నేను అన్నది ఇదే.

"నూట ఇరవై. ముప్పై ఎనిమిది."

"అదే."

కళ్ళజోడు గాలి గట్టిగా పీల్చి వదలడం వినిపించింది. ఏడుస్తోందేమో. ఏడవడానికి దానికేం హక్కుంది అనిపించింది ఒక్క క్షణం. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. అయినా ఒకే అంకె దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నేను కని, పెంచి, అన్నీ చేసి కూడా తనకి అంత దగ్గరగా ఎప్పుడూ నిలబడలేదు. ఆ మంట పోదు. పోవాలని కూడా లేదు నాకు.

"నూట నలభై. నలభై మూడు."

కాగితం మీద నలభై నాలుగు ఉంది. టార్చీ దగ్గరగా పెట్టి చూశాను. నాలుగే. గువ్వ నాలుగు వేస్తే కుర్చీ బోర్లించినట్టు ఉంటుంది, మూడులా ఉండదు.

ఒక్క అంకె. అదే అంటే ఎవరికీ తెలియదు. మేడం రెండోసారి చూసేదాకా తెలియదు, చూసినా ముసలికళ్ళు అనుకుంటుంది.

"ఆంటీ? నూట నలభై. నలభై మూడు."

"కాదు" అన్నాను. "మా అమ్మాయి నలభై నాలుగు రాసింది."

చీకట్లో కలం కదిలిన చప్పుడు. అయిపోయింది, నా నోటితో నేనే నా బిడ్డ లెక్క తప్పు చేశాను అనుకున్నాను.

"ఒక్కటి తేడా రావాలి" అంది ఆ పిల్ల. "నీళ్ళు ఏ రోజువి ఆ రోజువే. అన్నీ అచ్చంగా కలిసుంటే మళ్ళీ నాకు అనుమానం వచ్చేది."

మెషీన్ కన్ను ఇంకొంచెం వెనక్కి తిరిగి ఆగింది. కాగితం మీద ఇంకొక్క వరస మిగిలింది. దాని మీద వేలు పెట్టాను.

"చదువమ్మా" అన్నాను.